రాహేలమ్మ చెప్పిన సాక్ష్యం

ఉదయగిరిలో రాహేలమ్మ కళ్లుగప్పి మాత్ర మింగకుండా తప్పించుకున్న మనిషి ఇంతవరకూ లేడు. ఆశా వర్కరుగా చేరి పదిహేనేళ్లయింది. టీబీ వాళ్లకు మాత్రలు చేతిలో పెట్టేసి వెళ్లిపోయే రకం కాదు. మింగేదాకా నిలబడి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసి గానీ గడప దిగదు. ముసలి శీనయ్య ఒకసారి మాత్రను బుగ్గన దాచుకుని, మింగేసినట్టు తలూపాడు.

"నోరు తెరువు మామా."

"మింగినా గదే."

"మింగినోడికి తెరిస్తే ఏం నొప్పి? తెరువు."

"నా పెళ్లామన్నా ఇంత కాపలా కాయలేదు నన్ను."

"కాసుంటే నీకీ రోగమే వచ్చుండేది కాదు. మింగు. దగ్గు తగ్గింది గదా అని నడిమధ్యలో ఆపినావనుకో, మళ్లీ వచ్చేది ఈ జబ్బు కాదు, దీని నాయన వస్తాడు."

శీనయ్య తిట్టుకుంటూనే ఆరు నెలలూ మింగాడు. ఇప్పుడు బస్టాండు దాకా నడిచిపోయి టీ తాగి వస్తున్నాడు.

ఇంత తెలిసిన మనిషి సొంత ఇంట్లో ఆ పని ఎట్లా చేయగలిగింది? ఈ ప్రశ్న ఊళ్లో ఎవరూ రాహేలమ్మను అడగలేదు. ఆమే తనను తాను అడుగుతుంటుంది, చీపురు పట్టుకున్నా, పిల్లలకు పోలియో చుక్కలు వేస్తున్నా.

ఆమె భర్త శాంతికుమార్ చెక్క చెంచాలు చేస్తాడు. కొండ నుంచి వచ్చిన నర్ది కర్రను బాడిసతో చెక్కి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో రుద్ది రుద్ది నున్నగా తెస్తాడు. కాడ మీద చిన్న చేపనో తీగనో చెక్కుతాడు. అతనూ అతని అన్నా ఒకే రేకుల షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని ఇరవై ఏళ్లు ఆ పనే చేశారు. రెండేళ్ల కిందట అన్న చనిపోయాడు. షెడ్డులో ఒక పీట ఖాళీ అయింది. శాంతికుమార్ ఏడవలేదు, మూడో రోజు నుంచే పనిలోకి వెళ్లాడు, గట్టి మనిషి అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ మరుసటి ఏడాది వానాకాలంలో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. చొక్కా భుజాల మీంచి జారేంత చిక్కిపోయాడు. ఏదైనా అడిగితే బావిలోంచి తోడినట్టు, చాలాసేపటికి ఒక మాట వచ్చేది. రాహేలమ్మ మొదట విసుక్కుంది. "ఏందయ్యా, పెళ్లికూతురు మాదిరి ఆ నాన్చుడు" అంది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాలుక కొరుక్కుంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం క్యారియరు తీసుకుని షెడ్డుకు వెళ్తే అతను ఒక చెంచాను రుద్దుతున్నాడు. సాయంత్రం మళ్లీ వెళ్తే అదే చెంచా. అన్నం ముట్టుకోలేదు. కాడ అగ్గిపుల్లంత సన్నబడిపోయింది. ఆమె చూస్తుండగానే పుటుక్కున విరిగింది.

రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టుకుని అతను, "నాకు పని రాదు రాహేలూ" అన్నాడు. "ఇన్నేళ్లూ రాకుండానే చేసినా. నా తప్పులన్నీ అన్నే సర్దినాడు."

ఆమె అతను ముట్టుకోని క్యారియరు తీసుకుని ఇంటికొచ్చింది.

పక్కింటివాళ్లు అడిగితే గ్యాస్ ట్రబుల్ అని చెప్పింది. చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చేటప్పుడు కూడా "మా ఇంటాయన ఆరోగ్యం కోసం" అని మాత్రమే రాయించింది. జబ్బు తీరు రాస్తే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది, శాంతికుమార్‌కి పిచ్చి పట్టిందట అని. చివరికి అసలు సంగతి చెప్పింది ఒక్క ప్రమీలమ్మకే. ప్రమీలమ్మ ఏఎన్ఎం, రాహేలమ్మ మీద అజమాయిషీ ఆమెదే, తిట్టడంలో కూడా ఆమెదే పైచేయి.

"అది గ్యాసు కాదే మొద్దూ. ఆత్మకూరుకి ప్రతి బుధవారం నెల్లూరు నుంచి మేఘన అని డాక్టరమ్మ వస్తుండాది. తీసుకుపో."

"పిచ్చి డాక్టరా?"

"అవును, పిచ్చి డాక్టరే. పనిలో పని నువ్వూ చూపించుకో, ఇన్ని నెలలు ఊరికే కూర్చున్నందుకు."

కళ్లజోడు మార్పించుకోవడానికి అని ఇరుగుపొరుగుకి చెప్పి, భార్యాభర్తలిద్దరూ ఆత్మకూరు బస్సెక్కారు.

డాక్టర్ మేఘన వయసులో చిన్నదే. తొందర లేకుండా అడిగింది. నిద్ర, ఆకలి, పనిలో మనసు, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా అంతే మామూలుగా అడిగింది. శాంతికుమార్ నేల చూస్తూ, "ఒకటి రెండు సార్లమ్మా" అన్నాడు. రాహేలమ్మ పక్కనే కూర్చుంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా వచ్చిందా?"

"మా నాయన ఒక వానాకాలమంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. గాలి సోకిందనినారు."

"గాలి కాదు, దయ్యం కాదు, సోమరితనం కాదు. దీన్ని డిప్రెషన్ అంటారు. కొంత మీ నాన్నగారి నుంచి వచ్చిన తత్వం. కొంత మీ అన్న పోయిన దుఃఖం, అది మీరు లోపలే తొక్కిపెట్టారు. ఆర్డర్లు తగ్గిన దిగులు కొంత. అన్నీ ఒక్కచోట చేరితే మెదడు పనిచేసే తీరే మారిపోతుంది. మీరు కావాలని తెచ్చుకున్నది కాదు, గట్టిగా అనుకుంటే పోయేదీ కాదు." థైరాయిడ్ కూడా ఒకసారి చూద్దామని రక్తపరీక్ష రాసింది. తర్వాత చూస్తే అది మామూలుగానే ఉంది. "మందు పట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. బాగయిపోయాక కూడా కనీసం ఆరు నెలలు వేసుకోవాలి. నేను చెప్పేదాకా ఆపొద్దు."

రాహేలమ్మ నవ్వేసింది. "నాకు చెప్పాలా మేడం? ఊరందరి చేత మాత్రలు మింగించేదాన్ని నేను!"

మాట ప్రకారమే రోజూ రాత్రి అన్నం తిన్నాక అతని అరచేతిలో తెల్ల మాత్ర ఒకటి పెట్టేది. అతను చూడకుండానే నోట్లో వేసుకునేవాడు. అయిదో వారంలో ఒకరోజు అన్నం తింటూ తలెత్తి, "చారులో ఉప్పేసినావా లేదా?" అన్నాడు. నాలుగు నెలలుగా ఉప్పు ఉందో లేదో కూడా తెలియని మనిషి. ఆమె ఉప్పు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, డబ్బా పట్టుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

రెండో నెలకు షెడ్డులోంచి బాడిస చప్పుడు వీధిలోకి వినిపించింది. అన్న పీట మీద కర్రముక్కలు పేర్చుకున్నాడు. మళ్లీ చేపలు చెక్కాడు.

ఇక్కడికి ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం సంఘమంతా ప్రార్థన చేసిందో, మేలు జరిగాక ఆ ఇంటివాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే మేలు దాచుకున్నట్టు. రాహేలమ్మ కూడా సిద్ధపడింది. దేవుడు మాకు మంచి డాక్టర్ని చూపించాడు అని చెప్దామనే మూడు రోజులు మనసులో అనుకుంది. తీరా మైకు చేతికొచ్చాక ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లను చూసింది. డాక్టరంటే ఏ డాక్టరని అడుగుతారు. ఏ డాక్టరో చెప్తే...

"నా భర్త నాలుగు నెలలు మంచం పట్టినాడు," అంది. "ఏ డాక్టరూ చెయ్యి వెయ్యకుండా, ఒక్క సూది లేకుండా, ఒక్క మాత్ర మింగకుండా ప్రభువు ఆయన్ని లేపి కూర్చోబెట్టినాడు!"

చర్చి అంతా ఒక్కసారిగా ఆమేన్ అంది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. మగవాళ్ల వైపు కూర్చున్న శాంతికుమార్ తల దించుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో అడిగాడు. "అట్ల ఎందుకు చెప్పినావే?"

"నోట్లోంచి వచ్చేసింది. నీ పరువు కోసమేలే. నువ్వు మాత్రం ఎవరితోనూ అనబాక."

అతను సరేనన్నాడు. అతనికి ఆమె మాట మీద అంత నమ్మకం.

ఆ సాక్ష్యానికి కాళ్లొచ్చాయి. వింజమూరులో ఆడవాళ్ల కూడికకు రమ్మన్నారు. అక్కడ ఇంకా బాగా చెప్పింది. మనిషి ఎముకల గూడు అయిపోవడం, చెంచా విరగడం, అన్నీ కళ్లకు కట్టింది. తర్వాత కొండాపురం. పాస్టరు సామ్యేలయ్య నెలకోసారి అక్కడ కూడిక పెడతాడు. ఆయనే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాడు. జనం తన మాటకు ఊగిపోతుంటే ఆమెకు హాయిగా ఉండేది. ఇది ఆమె ఎవరికీ ఒప్పుకోలేదు గానీ నిజం.

కొండాపురంలో కూడిక అయ్యాక శీనమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు శ్వేత, డిగ్రీ ఆఖరు సంవత్సరం. చేతులు కడిగి కడిగి వేళ్ల మీద తోలు ఊడివచ్చింది. చదివిన లైనే సరిగ్గా చదివానో లేదో అని పదిసార్లు చదువుతుందట. అది ఒట్టి చాదస్తమని ఆ పిల్లకీ తెలుసు, తెలిసినా మానుకోలేదు.

"ఎనిమిది నెలలుగా మాత్రలు వాడుతుండాం అక్కా. సగానికి సగం నయం. మా ఆయనేమో విశ్వాసముంటే మాత్రలెందుకంటాడు. నీ ఇంటాయనకి నిజంగా ఒక్క మాత్ర కూడా వెయ్యలేదా?"

రాహేలమ్మ ఆ పిల్ల చేతుల వైపు చూసింది. చుట్టూ నలుగురైదుగురు వింటున్నారు.

"ఒక్కటి కూడా లేదమ్మా," అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మాత్రల అట్ట తీసింది. చెయ్యి ముందుకు పోలేదు. ఇంకో మాత్ర వేస్తే తను మైకులో చెప్పినదంతా అబద్ధమవుతుంది. వెయ్యకుండా ఉంటే, మనిషి ఎటూ బాగయ్యాడు కాబట్టి, ఈ రోజు నుంచైనా నిజమవుతుంది. దేవుడి పేరున చెప్పిన మాటను నిజం చేస్తున్నాననుకుంది. వినడానికి ఎంత తెలివితక్కువగా ఉన్నా ఆ పూట ఆమెకు అది భక్తిగానే కనిపించింది.

"డాక్టరమ్మ ఇంక చాలనింది," అని భర్తకు చెప్పింది. "ప్రమీలమ్మ ఫోన్ చేసి కనుక్కొనింది."

"ఆరు నెలలనింది గదా?"

"నీకు తొందరగా తగ్గిపోయిందంట."

అతను తలూపాడు. మాత్రల విషయంలో రాహేలమ్మ కంటే తెలిసినవాళ్లు అతనికి ఎవరున్నారు?

మొదటి వారంలో తల తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టుందన్నాడు. ఎండదెబ్బ అంది. నాలుగో వారానికి బాడిస చప్పుడు తగ్గింది. అయిదో వారంలో తెల్లవారుజామునే లేచి అరుగు మీద కూర్చుంటున్నాడు. ఆమె చూసింది. చూసి, రేపు మళ్లీ మొదలుపెడదాం అనుకుంది. ఆ రేపు ఎనిమిది రోజులు సాగింది.

తొమ్మిదో రోజు బుధవారం. అంగన్‌వాడీలో టీకాల పని ముగించుకుని వస్తే షెడ్డుకు తాళం ఉంది. వీధిలో శీనయ్య ఎదురొచ్చాడు.

"నీ మొగుడు ఆత్మకూరు బస్సెక్కినాడే. ఒక్కడే. పలకరిస్తే పలకలేదు."

ఒకటి రెండు సార్లమ్మా అని డాక్టరు దగ్గర అతనన్న మాట ఆమె చెవిలో మోగింది. వెనకాలే వచ్చిన బస్సు పట్టుకుంది. దారి పొడుగునా కిటికీలోంచి రోడ్డు పక్కన కనిపించిన ప్రతి మనిషినీ చూసింది. ఫోను చేస్తే అతను ఎత్తలేదు.

శాంతికుమార్ మాత్రం తిన్నగా డాక్టరు దగ్గరికే వెళ్లాడు. పోయినసారి ఇట్లాగే మొదలైందని అతనికి గుర్తుంది. తనకు తానే గుర్తుపట్టి, ఉన్న కాస్త ఓపికా కూడదీసుకుని, ఒంటరిగా బస్సెక్కాడు.

రాహేలమ్మ డాక్టరు గది గుమ్మం దాకా వచ్చేసరికి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"ఆపమని నేను చెప్పడమేంటి? మీ వైపు నుంచి నాకు ఫోనే రాలేదు. ఎవరు ఆపమన్నారు?"

ఆ మాటతోనే అతనికి అంతా అర్థమై ఉంటుంది.

"నేనేనమ్మా," అన్నాడు. "బాగయింది గదా అని నేనే ఆపినా."

రాహేలమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. లోపలికి వెళ్లి, ఆయన కాదు నేను అని ఒక్క మాట అనొచ్చు. ఊళ్లూళ్లు తిరిగి మైకుల్లో మాట్లాడిన నోరు ఆ ఒక్క మాట దగ్గర పెగలలేదు. మాత్రలు ఆపించినదానికంటే ఆ గుమ్మంలో ఊరుకున్నదే ఆమెను ఎక్కువగా కోస్తుంది ఇప్పటికీ.

డాక్టరమ్మ మందు మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి జబ్బు కొంచెం మొండికేస్తుంది, ఈసారి ఏడాది పైన వాడాలి అంది.

అతను బయటికొచ్చి గుమ్మంలో ఆమెను చూశాడు, ఇద్దరూ కలిసే తిరుగు బస్సెక్కారు. మాత్రల పొట్లం అతని జేబులో ఉంది. ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది.

"శీనయ్యకైతే ఆపుండేదానివా?" అని అడిగాడు.

"లేదు."

"మరి నాకు?"

ఆమె దగ్గర జవాబు ఉంది. అబద్ధమని జనానికి తెలిసిపోతుందని, తన మాట పోతుందని. అది భర్త మొహం చూస్తూ చెప్పగలిగే జవాబు కాదు.

ఆ రాత్రి నుంచి మాత్ర అతనే తీసుకుని వేసుకుంటున్నాడు. కోప్పడలేదు, మాటలు మానలేదు. అన్నం పెట్టించుకుంటాడు, చొక్కా గుండీ ఊడితే కుట్టమంటాడు. ఆ ఒక్క పని మాత్రం ఆమె చేతిలో లేకుండా చేసుకున్నాడు. రెండు మూడు సార్లు "వేసుకున్నావా?" అని అడిగింది. "ఊఁ" అన్నాడు. నోరు తెరిచి చూపించమనే హక్కు తనకు పోయిందని అప్పుడు తెలిసింది.

శ్వేత చేతులు ఆమెకు కలలోకి రావడం మొదలైంది. ఆగలేక సామ్యేలయ్య దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"మాత్రలు ఆపమని నేను ఎప్పుడన్నా చెప్పినానా తల్లీ? మా అమ్మకు బీపీ మాత్ర నా చేత్తోనే ఇస్తానే!"

"మీరు చెప్పలేదయ్యగారూ."

ఆయన, "నేను అడగనూ లేదు" అన్నాడు. "సాక్ష్యం బాగుండింది, జనం ఏడ్చినారు. వచ్చే కూడికకు కూడా రమ్మన్నా. నాదీ తప్పే. వచ్చే శుక్రవారం కొండాపురంలో కూడిక ఉండాది. అక్కడ చెప్తావా?"

భర్తను అడిగి చెప్తానంది. ఇంటికొచ్చి అడిగింది, నీ జబ్బు సంగతి నలుగురిలో చెప్పనా అని.

"మొదట చెప్పినప్పుడు అడిగినావా?" అన్నాడు. ఆ తర్వాత షెడ్డుకు పోవడానికి లేచి చెప్పులు వెతుక్కుంటూ, "నేనూ వస్తాలే" అన్నాడు.

కొండాపురం కూడికలో ఆమె మైకు పట్టుకుని చెప్పింది. ఈసారి కథ లేదు, కళ్లకు కట్టడాలు లేవు. నా భర్తకు డిప్రెషన్ వచ్చింది, ఆత్మకూరులో డాక్టరు మందిచ్చింది, దానితో తగ్గింది, నేను అబద్ధం చెప్పినాను, అబద్ధం నిలబెట్టుకోవడానికి మందు ఆపించినాను, జబ్బు తిరగబెట్టింది, మీ ఇళ్లల్లో ఎవరైనా నా మాట విని ఆపి ఉంటే రేపే డాక్టరు దగ్గరికి పోండి. రెండు నిమిషాలు పట్టింది. ఎవరూ ఆమేన్ అనలేదు. వెనకెక్కడో ఒకావిడ, "మరి అప్పుడు అంత ఏడ్చి చెప్పిందే!" అని పక్కావిడతో అనడం వినిపించింది.

కూడిక అయ్యాక శీనమ్మ వచ్చింది. వెంట శ్వేత. పిల్ల వేళ్లకు బట్ట చుట్టి ఉంది.

"నువ్వు చెప్పిపోయిన మర్నాడే ఆపేసినామక్కా," అంది శీనమ్మ. గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. "పోయిన వారం ఆఖరు పరీక్షలు. హాల్‌టికెట్ నెంబరు సరిగ్గా వేసినానో లేదో అని మూడు గంటలూ అదే చూసుకుంటా కూర్చొనింది. ఒక్క ప్రశ్న రాసి వచ్చేసింది. మిగతా పరీక్షలకు పోనే లేదు. ఏడాది పోయింది."

రాహేలమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. శీనమ్మ మెల్లగా విడిపించుకుంది.

"నెల ముందన్నా చెప్పుండకూడదా అక్కా? నీది నమ్మించే నోరు. అందుకే గదా నమ్మినాము."

శ్వేత ఇదంతా వింటున్నట్టు లేదు. గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న శాంతికుమార్ దగ్గరికి వెళ్లింది. బట్ట చుట్టిన చేతులు వెనక్కి పెట్టుకుని అడిగింది.

"అంకుల్, మీకిప్పుడు బాగయిందా?"

రాహేలమ్మ గబుక్కున అటు తిరిగింది. పద్దెనిమిదేళ్లుగా అతన్ని ఎవరేమడిగినా జవాబు ఆమెదే. ఇప్పుడూ నోరు తెరిచింది. తెరిచి, ఏమీ అనకుండా మూసుకుంది.

శాంతికుమార్ చాలాసేపు ఆలోచించాడు. పిల్ల ఓపిగ్గా నిలబడింది.

"ఇంకా లేదమ్మా," అన్నాడు. "బుధవారం మళ్లీ ఆత్మకూరు పోతుండా. నువ్వూ రా."